వరండాలో పిట్టలు

"పదకొండు లోపల ఆ వెలుగు పోవాలి బాబూ. పోతుందా?" తలుపు తీస్తూనే అడిగింది బోర్గిల్డ్.

తోర్మోడ్ ఇంకా బూట్లు కూడా విప్పలేదు. పన్నెండేళ్ళుగా ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. తను బాగుచెయ్యలేనిది లేదని అతని నమ్మకం. అడగనివాళ్ళకు కూడా ఆ సంగతి చెబుతాడు.

బెల్లు నొక్కినప్పుడు హాల్లో దీపం టపటపా కొట్టుకోవడం తలుపు అద్దంలోంచి చూశాడు. వైరింగు కూడా చూడమంటారా అని అడిగాడు. అది ఎప్పుడూ ఉండేదేలే, ముందు కీబోర్డు సంగతి చూడమందామె.

ఇల్లు కొడుకుది, కంప్యూటరు కోడలు ఇదున్‌ది. ఇంట్లోనే కూర్చుని పుస్తకాలు అనువాదం చేస్తుంది. కొడుకు హాల్వర్ సముద్రం మధ్య చమురు రిగ్గు మీద ఉన్నాడు. ఇంకో పది రోజులకు గానీ రాడు. కోడలు పాపను తీసుకుని టీకాకు వెళ్ళింది. పదకొండుకి శిశు సంక్షేమం వాళ్ళు వస్తారు.

ఆ చివరి మాట దగ్గర బోర్గిల్డ్ గొంతు తగ్గించింది. ఆ తల్లికి పాపను చూసుకోవడం చేతకాదని ఎవరో పేరు రాయకుండా ఫిర్యాదు పంపారట. ఇవాళ అంతా సవ్యంగా కనిపిస్తే ఫైలు మూసేస్తారు. లేకపోతే పాపను ఆమె దగ్గర ఉంచరు.

"మరి ఎక్కడుంచుతారు?"

"మా ఇల్లుంది కదా నాయనా. రేపు ఏమైనా పసిది పరాయి చోట పడకూడదని గది సిద్ధం చేసి పెట్టాను. పసుపు రంగు కూడా వేయించాను."

తోర్మోడ్ మనసు కరిగింది. ఇలాంటి అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది అనుకున్నాడు. అతని అత్తగారైతే పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు కూడా అతని పేరు సరిగ్గా పలకదు.

కీబోర్డు ముందు కూర్చున్నాడు. చూడ్డానికి బుద్ధిగానే ఉంది. ఇంతలో బయట సముద్రపు పక్షి ఒకటి అరిచింది. మీటలన్నీ ఒక్కసారిగా ఎర్రగా వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి.

వెలుగు తగ్గించే మీట నొక్కి సున్నాకి తెచ్చాడు. మళ్ళీ వెలిగింది. రంగుల ప్రోగ్రాము తెరిచి అలలు, ఇంద్రధనుస్సులు, ఉన్న హంగులన్నీ ఆపేశాడు. మళ్ళీ వెలిగింది. ఆ ప్రోగ్రామునే పీకేశాడు. వైరు మార్చాడు. అయినా వెలిగింది. పది ఇరవై అయింది. తోర్మోడ్‌కి చెమటలు పట్టాయి. పన్నెండేళ్ళ పేరు ఒక కీబోర్డు ముందు పోయేలా ఉంది.

చివరికి, కంప్యూటరు లేవగానే తమంతట తాము నడిచేవాటి జాబితాలో దొరికింది. ఎవరో ఇంట్లో రాసుకున్న చిన్న ప్రోగ్రాము. పేరు 'వరండా'.

"ఇదేంటమ్మా?"

"మావాడి పిచ్చి. పిట్టలంటే వాడికి ప్రాణం. వరండాలో మైకు పెట్టాడు. అక్కడ పిట్ట కూస్తే ఇక్కడ వెలగాలట. అధికారుల ముందు ఇలా వెలిగిందనుకో, ఇదేం పిచ్చి కొంప అనుకోరూ?"

తోర్మోడ్ చెయ్యి మౌసు మీద ఆగింది. కోడలుగారు వచ్చాక ఒక మాట అడిగి తీసేద్దామా అన్నాడు.

"తను వచ్చేసరికి తీయించమని చెప్పే వెళ్ళింది," అంటూ బోర్గిల్డ్ వేడి వాఫెల్ అట్టు మీద గోధుమరంగు చీజు ముక్క పెట్టి అతని ముందుంచింది.

తీసేశాడు. చెత్తబుట్టలోంచి కూడా తుడిచేశాడు. బయట పక్షి మళ్ళీ అరిచింది. కీబోర్డు ఉలకలేదు, పలకలేదు. తోర్మోడ్ వాఫెల్ తృప్తిగా తిన్నాడు.

వెళ్ళబోతుంటే హాల్లో ఇదున్ కనిపించింది. పాపను భుజాన వేసుకుని, అటు తిరిగి బూట్లు విప్పుతోంది.

"ఇక ఆ లైట్ల బాధ ఉండదండీ," అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. కాస్త గట్టిగా మళ్ళీ చెప్పాడు. అయినా తిప్పలేదు. పాప లేస్తుంది, నువ్వు బయల్దేరు బాబూ అని బోర్గిల్డ్ అతన్ని మెల్లగా గడప దాటించింది.

ఎంత పొగరు, అనుకున్నాడు తోర్మోడ్ వ్యాను ఎక్కుతూ. ఫిర్యాదు రాసినవాళ్ళు ఊరికే రాసి ఉండరు.

పదకొండుకి ముగ్గురు వచ్చారు. ఇద్దరు అధికారులు. మూడో ఆవిడ దుబాసీ, ఇదున్‌కి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఊళ్ళో అందరికీ అలవాటే, చలిగాలికి పసిది హాయిగా నిద్రపోతుందంటూ బోర్గిల్డే పాపను బండిలో పడుకోబెట్టి వరండాలో ఉంచి, అద్దం తలుపు మూసింది.

ఇదున్ తన పని బల్ల దగ్గరే అందరికీ కాఫీ పోసింది. మాటలు బాగానే సాగాయి. పెద్ద అధికారి ఫైలు మూయబోయింది కూడా.

అప్పుడు పాప లేచింది. ముందు సన్నగా మూలిగింది. తర్వాత ఏడ్చింది. తర్వాత గుక్కపట్టి కేకలు పెట్టింది.

వరండా ఇదున్ వీపు వెనక మూడడుగుల దూరంలోనే ఉంది. ఆమె కదల్లేదు. మూడో ఆవిడ లేవబోతే పెద్ద అధికారి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపి, గడియారం చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం. రెండు. నాలుగు. బోర్గిల్డ్ తల వంచుకుని కళ్ళు ఒత్తుకుంది.

పెద్ద అధికారి ఫైలు మళ్ళీ తెరిచి రాయడం మొదలుపెట్టింది.

ఇదున్ చీకటిగా ఉన్న కీబోర్డు వంక ఒకసారి చూసుకుంది. నిశ్చింతగా నవ్వి, ఇంకొంచెం కాఫీ పోయనా అన్నట్టు కూజా ఎత్తింది.

పుట్టు చెవుడున్న ఆమెకు బిడ్డ ఏడుపు తెలియాలని హాల్వర్ అమర్చి వెళ్ళింది ఆ ఎర్ర వెలుగునే.