దారి మరిచిన చీమలు

“చీమలే రాని వాకిట్లో బియ్యప్పిండి ముగ్గెందుకత్తయ్యా? ముగ్గుపిండి చాలదూ?” అంది కోడలు వకుళ.

“వస్తాయేమోనని,” అంది కామేశ్వరమ్మ, రోజూ చెప్పే జవాబే.

తీగలు లేకుండా గోడల్లోంచే కరెంటు అందే పద్ధతి ఊరంతా వచ్చాక చీమలు కనబడటం మానేశాయి. చక్కెర డబ్బాకి మూతే అక్కర్లేదని కొడుకు మాధవ మురిసిపోయాడు. ఆవిడకి మాత్రం తన ముగ్గు ఎవరూ తినని విస్తరిలా అనిపించేది.

ఆ ఉదయం ముగ్గు మీద నాలుగు చీమలు కనబడ్డాయి. ఆవిడ సంబరంగా వంగి చూసింది. పిండి రేణువులు నోట కరుచుకుని అవి ఒకేచోట గిరగిరా తిరుగుతున్నాయి.

“ఈ గోడ కరెంటుకి వాటికి దారి తెలియట్లేదత్తయ్యా. మా ల్యాబులో చీమలూ ఇంతే. కరెంటు ఆపితేగానీ పుట్ట చేరవు,” అంది వకుళ మెల్లగా.

కామేశ్వరమ్మ ముఖం చిన్నబోయింది. లోపలికెళ్లి గోడ కరెంటు మీట కట్టేసి వచ్చింది. కాసేపటికి చీమలు ఒకదాని వెనక ఒకటి మెట్టు సందులోకి దూరాయి.

ఫ్యాన్లు ఆగిపోయి, ఉక్కపోతకి లోపలున్నవాళ్లంతా బయటికొచ్చారు. “అమ్మా, సగం గడ్డమే అయింది!” అన్నాడు మాధవ, ఆగిపోయిన షేవరు చూపిస్తూ.

“పిండి పెట్టి పిలిచింది నేను. వాటిని ఇంటికి పంపే పూచీ నాదే. రేపట్నుంచి ముగ్గేసింది మొదలు ఎండెక్కేదాకా గోడ కరెంటు ఉండదు. విసనకర్రలు అటక మీదున్నాయి,” అందావిడ.