ముళ్లపందిని తరిమిన తీతువు

రాళ్లగుట్ట కింద బొరియలో ఒక ముళ్లపంది ఉండేది. ఎక్కడా ఆగకుండా గుట్ట కొసదాకా పరుగెత్తాలని దాని కోరిక. చలికాలం పోయి ఎండలు ముదిరినా, రోజూ తెల్లారగానే పరుగు మొదలుపెట్టేది.

సగం దారిలో నేలమీద గూడు పెట్టుకున్న తీతువు పిట్ట దాన్ని చూడగానే "దొంగ! దొంగ!" అంటూ నెత్తిమీదికి దూకేది.

"తీతువు కూత అపశకునం, వెనక్కి వచ్చెయ్" అని నక్క భయపెట్టేది. ముళ్లపంది తిట్టుకుంటూనే అక్కడ పరుగు పెంచేది, అయినా కొసకు చేరకముందే అలసి ఆగిపోయేది.

తొలకరి పడ్డ మర్నాడు గూడు ఖాళీగా ఉంది. పిల్లలు ఎగిరిపోయాయి. ముళ్లపంది పరుగు నెమ్మదించింది. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ అరుపు కోసమే చెవులు రిక్కించింది.

"దొంగ! దొంగ!"

అంతే, కొసకు చేరేదాకా ముళ్లపంది ఆగలేదు. వెంటే ఎగిరొచ్చిన తీతువు పక్కన వాలింది.

"గూడు ఖాళీ కదా అత్తా, ఇంకా ఎవరి కోసం అరిచావు?" అంది రొప్పుతూ.

"నిన్నటిదాకా నా పిల్లల కోసం. ఇవాళ నీ కోసమేరా."

ముళ్లపంది తన ముళ్లన్నీ ఒంటికి అంటుకునేలా వాల్చేసింది.

"పైకి నువ్వు తెచ్చావు. కిందికి నేను మోసుకెళ్తాను, వీపెక్కు అత్తా."