ఎనక్ ఏరిన నిపుల్

"ఆ తుపాకీ నిపుల్ బిగించింది మీరేనా?" అని అడిగాడు సర్కారు వకీలు స్ట్రింగర్.

"నేనేనయ్యా," అన్నాడు ఎనక్ ప్రాథర్.

ఆ టెనెసీ కొండల్లో ఎనక్ చెయ్యి పడని తుపాకీ లేదు. నలభై ఏళ్లుగా అదే పని. అందుకే సర్కారు అతణ్ణి సాక్షిగా పిలిపించింది. అతని నోట రెండు ముక్కలు వస్తే చాలు, బోనులో నిలబడ్డ తమర్ కిర్బీకి ఉరి ఖాయం.

తమర్ చేతిలో తుపాకీ పేలి ఆమె మొగుడు జెడ్ చచ్చిపోయాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. మొదట్నుంచీ ఆమెది ఒకటే మాట. కోడిపిల్లల మీద వాలిన డేగను కొట్టబోయిందట. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమందే గానీ పేలలేదట. జెడ్ తిట్టుకుంటూ వచ్చి, ఇలా తగలెయ్యమన్నాడట. ఇవ్వబోతూ అటు తిరిగేసరికి ఢామ్మందట.

తుపాకీ అలా ఆగి పేలడం ఆ ఊళ్లో వినని సంగతేం కాదు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వచ్చి, నిపుల్ అనే చిన్న మరగొట్టం మీద తొడిగిన మందు టోపీని కొడుతుంది. టోపీలో పుట్టిన నిప్పు నిపుల్ బెజ్జంలోంచి దూరి, లోపలి మందుకు అంటుకోవాలి. బెజ్జం బాగుంటే రెప్పపాటులో పనైపోతుంది. పూడుకుపోయి ఉంటే నిప్పు లోపలే నక్కి, నాలుగంకెలు లెక్కపెట్టాక పేలిన రోజులూ ఉన్నాయి. కానీ ఎనక్ బిగించిన నిపుల్‌కి ఆ జబ్బెక్కడిది? స్ట్రింగర్ ధీమా అంతా అదే.

"నిపుల్ ఎలా ఏరతారో జూరీవారికి కాస్త చెప్పండి ప్రాథర్ గారూ."

"మరలు కదలకుండా కూర్చోవాలండి. టోపీ వేలితో నొక్కితే అడుగుదాకా దిగాలి. బెజ్జం మరీ సన్నంగా ఉండకూడదు, మరీ పెద్దదిగానూ ఉండకూడదు. సూది దూర్చి చూస్తాను. నోటితో ఊది చూస్తాను. బిగించాక మందు పొయ్యకుండా ఉత్త టోపీలు రెండు పేలుస్తాను. గొట్టం ముందు గడ్డిపరక కదిలితేనే తుపాకీ ఇచ్చి పంపుతాను."

"కిర్బీల తుపాకీకీ అలాగే చూశారు కదూ?"

ఎనక్ బోనువైపు చూడలేదు.

"లేదయ్యా."

స్ట్రింగర్ గిరుక్కున తిరిగాడు.

"లేదా?"

"ఆ రోజు బద్ధకించాను. పాత సామాను డబ్బాలో చెయ్యి పెట్టి, దొరికింది తీసి బిగించేశాను. సూదీ లేదు, ఊదడమూ లేదు."

స్ట్రింగర్ మొహం మాడిపోయింది. "షెరీఫ్ ఈ తుపాకీని రెండ్రోజులు మీ షాపులోనే ఉంచాడే! చూసి చెప్పమంటే అప్పుడు నోరెందుకు మెదపలేదు?"

"సిగ్గేసిందయ్యా. నలభై ఏళ్ల పేరు. బైబిల్ మీద చెయ్యి పెట్టాక ఇంక దాచబుద్ధి కాలేదు."

జడ్జి సరేనన్నాక ఎనక్ అక్కడే పానాతో నిపుల్ ఊడదీశాడు. జూరీ పెద్ద ఓ మిల్లు యజమాని. దాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు. బుగ్గలు పొంగాయే గానీ గాలి సరిగ్గా దూరలేదు. సూది గుచ్చితే సగంలో ఆగిపోయింది.

"తుప్పు," అని మొహం చిట్లించి పక్కవాడికి అందించాడు. పన్నెండుమందీ ఊదారు. పన్నెండుమందీ తలలు అడ్డంగా ఊపారు.

వెనక బల్లమీంచి పక్క ఊరి తుపాకుల మిస్త్రీ ప్రూయిట్ అరిచాడు. "కళ్లు కనపడకపోతే ఇంట్లో మూల కూర్చో ముసలోడా! జనాన్నెందుకు చంపుతావ్?"

కొందరు నవ్వారు కూడా. ఎనక్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ప్రూయిట్ అన్నందుక్కాదు. నవ్వినవాళ్లలో సగంమంది భుజాల మీద తను బాగుచేసిన తుపాకులే ఉంటాయి.

అరగంటలో జూరీ తిరిగొచ్చింది. తమర్ నిర్దోషి అంది. ఆమె తల వంచుకుని ఎనక్ పక్కనుంచే వెళ్లిపోయింది. "మొహం చూడ్డానికైనా మనసొప్పుతుందా పాపం," అంది ఎవరో ముసలావిడ.

మెట్ల దగ్గర జెడ్ తమ్ముడు అడ్డం నిలబడ్డాడు.

"మా అన్నను చంపింది నువ్వేరా," అని మొహాన ఉమ్మేశాడు.

ఎనక్ చొక్కా చేతికి మొహం తుడుచుకుని షాపుకు వెళ్లాడు. అక్కడ అప్పటికే నలుగురు కాచుకుని ఉన్నారు.

"నా తుపాకీ ఇచ్చేయ్ ఎనక్."

"ఇంకా సుత్తి బిగించలేదు..."

"నువ్వు బిగించొద్దులే నాయనా. నాకు పెళ్లాం పిల్లలున్నారు."

పొద్దువాలేలోగా గోడకు ఒక్క తుపాకీ మిగల్లేదు. ఎనక్ గుమ్మం మీది బోర్డు తనే దించి లోపల పెట్టాడు. అంత ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. తాళం వేసి ఇంటిదారి పట్టాడు.

దారిలో చెక్క వంతెన మీద ఆగాడు. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, జెడ్ చచ్చిపోయే ముందురోజు తమర్ చితికిన పెదవితో షాపుకొచ్చి, "మొదటి దెబ్బకే పేలాలి పెద్దయ్యా, రెండో దెబ్బదాకా ఆయన నన్ను బతకనివ్వడు" అని అడిగితే, మూడు డజన్లలోంచి సూది దూర్చి, ఊది, ఏరి మరీ బిగించి, షెరీఫ్ తుపాకీ ఉంచిపోయిన రెండ్రోజుల్లో మార్చేసిన ఆ అసలు నిపుల్‌ను కోటు జేబులోంచి తీసి ఏట్లోకి విసిరేశాడు.