పక్కసీటు

ఆదివారాలన్నీ షెడ్డులో తండ్రీ కూతుళ్లు కిందామీదా పడ్డాక, ఆ డొక్కు కారు దగ్గి, తుమ్మి, ఎట్టకేలకు ఇవాళ కదిలింది.

"స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు నాన్నా డాక్టరు!"

"వాడి కారు స్టీరింగు ముట్టుకోవట్లేదుగా," అంటూ నాన్న డ్రైవరు సీట్లో కూలబడ్డాడు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన కుడికాలు చెప్పిన మాట సగమే వింటోంది.

కూతురు పక్కసీట్లో కూర్చుంది. కిందటి వారమే, నాన్న కునుకు తీసే వేళ చూసి, ఆ సీటు కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు పెడలు బిగించి, పైన రబ్బరు పట్టా కప్పేసింది. ఆయనకు తెలిస్తే కారుతో పాటు తననీ తుక్కు కింద అమ్మేస్తాడు మరి.

వీధి మలుపులో చెత్త లారీ అడ్డొచ్చింది. కూతురు ఊపిరి బిగబట్టి తన పెడలు తొక్కేసింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది.

"చూశావా, ఎలా ఆపానో! ఈ కాలు పనికిరాదన్నవాడెవడే?" అని నాన్న మీసం దువ్వాడు.

"నీకు సాటెవరు నాన్నా!" అంది ఆమె చెమట తుడుచుకుంటూ.

ఇంటి ముందు దిగుతూ ఆయన గొంతు తగ్గించాడు.

"నీ పెడలు కాస్త ఆలస్యంగా పట్టుకుంటోందే. వచ్చే ఆదివారం బిగిద్దాం. అది లేకపోతే నేను ఎక్కుతానా? నాకేమన్నా పిచ్చా?"