ఎండిన తోలు పట్టా

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో సెలూన్ నడిపే లచ్చయ్యకు మాత్రం తోలు పట్టా బెంగ పట్టుకుంది.

రేపు ఎల్బీనగర్ చౌరస్తాలో క్షురకుల సంఘం నిరసన. రోడ్డు మీదే గడ్డాలు గీస్తారు. మొదటి గడ్డం, ఉద్యమంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రిది. ఆయన్ను సంఘం పెద్దలు మీర్‌పేట్‌లో చుట్టాలింటి నుంచి కార్లో తీసుకొస్తారు. గీసేది లచ్చయ్య, అదీ తాతలనాటి కత్తితో.

ఆ పెద్దమనిషికి గాటు పడితే ఇంకేమన్నా ఉందా? తీరా చూస్తే, కత్తి నూరుకునే తోలు పట్టా మూలపడి అప్పడంలా బిగుసుకుపోయింది.

"జర ఇటియ్యి, నేను జేస్త," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

ఎవరో, ఎక్కడివాడో. చంకలో సంచి.

మెట్టు మీదే కూర్చుని తడిగుడ్డతో మురికి తుడిచాడు. ఆరాక ఆముదం అరచేతిలో వేసుకుని, పసిపిల్లకు రాసినట్టు పట్టాకు పట్టించాడు. గాజు సీసాతో ఒత్తాడు. పట్టా మెత్తబడింది.

లచ్చయ్య దాని మీద కత్తి పదిసార్లు నూరి ముంజేతికి ఆనించాడు. వెంట్రుకలు ఇట్టే రాలాయి.

"గింత పనితనం ఎక్కడ నేర్చినవే?"

"తాతల కాడికెల్లి తోలు పనే మాది."

"ఎంతియ్యాలె?"

"పైసలొద్దు. గీ గడ్డం గియ్యి, చాలు."

లచ్చయ్య చెయ్యి ఆగిపోయింది. ఊళ్లో తోలు పనివాళ్ల గడ్డం వాళ్ల నాన్న ముట్టేవాడు కాదు. పట్నమొచ్చి పాతికేళ్లయినా ఆ బుద్ధిని లచ్చయ్య నల్లగొండలో వదిలి రాలేదు.

"కుర్చీ ఖాళీ లేదు. తర్వాత రా."

"ఖాళీగానే ఉంది కదయ్యా," అన్నాడు పేపరు చదువుతున్న చక్రపాణి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ లెక్చరర్.

లచ్చయ్య విననట్టే కుర్చీ మీద తువ్వాలు పరిచాడు. ముసలాయన సంచి తీసుకుని మెట్టు దిగిపోయాడు.

మర్నాడు చౌరస్తా నిండా జనం. నడిరోడ్డు మీద కుర్చీ వేశారు. కారు వచ్చింది. సంఘం పెద్ద సీతారాములు ఒక్కడే దిగాడు.

"పెద్దాయనేడన్నా?" అడిగాడు లచ్చయ్య.

"పొద్దుగాల బస్సుకే ఊరికి పోయిండు."

"ఎందుకట్ల?"

"పదిమందిల కూసుంటే కొడుకు యాదికొస్తడని, నిన్ననే నీ దుకాణంల గీయించుకుందామని పోయిండట."

లచ్చయ్య చేతిలోని కత్తి మడిచాడు.

"నీ తప్పేం లేదని చెప్పమన్నడు," అన్నాడు సీతారాములు. "నీ తోలు పట్టా బాగుజేసేసరికే పొద్దుపోయిందట."