పన్నెండో ఫోను

“మన వీధిలో నేరాలు పెరగడానికి కారణం ఈ మనిషే!” చర్చి హాల్లో పోలీసులతో జరిగిన వీధివాళ్ల సమావేశంలో అందరిముందూ పక్కింటి హార్కిన్‌ని వేలెత్తి చూపింది మార్జరీ.

పోలీసు అధికారి కాగితం తిరగేశాడు. “ఈ ఏడాది మీ వీధి నుంచి మాకు పన్నెండు ఫోన్లు వచ్చాయండీ. పదకొండు ఇతనిమీద మీరు చేసినవే. ఒక్కటీ రుజువు కాలేదు. పన్నెండోది ఇతను చేశాడు, మీరు వంటింట్లో జారిపడ్డ రోజున.”

ఆ రోజు తుంటి విరిగి, పోలీసులు వచ్చేదాకా గంటసేపు చల్లటి నేలమీద మూలిగింది మార్జరీ.

“అయితే కిటికీలోంచి నన్ను చూశావన్నమాట! చూసి కూడా లోపలికి రాలేదేం?” గద్దించింది.

“మీ గడప తొక్కితే జైలుకి పంపిస్తానని మీరేగా అన్నారు!” అన్నాడు హార్కిన్.

ఆ గంటసేపూ తనను నేలమీద ఉంచింది తన మాటేనని మార్జరీకి అప్పుడు తెలిసింది.