అటునుంచి ఎత్తుకున్న చరణం

లూయిస్ దీవిలోని మా ప్రెస్బిటేరియన్ చర్చిలో వాయిద్యాలుండవు. కీర్తనలో ఒక్కో చరణం నేను ఎత్తుకుంటే జనం అందుకునేవారు. ఆ జనమంతా ఇప్పుడు వెనక సమాధుల్లో ఉన్నారు. రేపటి నుంచి చర్చి మూత.

ఈ రాత్రి తాళం వేయబోతూ, ఉండబట్టలేక ఒక చరణం పాడాను. సమాధుల వైపు నుంచి అందుకున్నారు.

“గాలిలే,” అన్నాను.

“గాలికి కీర్తనలెవరు నేర్పారురా మర్డో? ఇంటికి పద,” అంది తోడొచ్చిన ఎఫీ అక్క.

పాట ఆగింది. తరవాతి చరణం ఈసారి అటునుంచే ఎవరో ఎత్తుకున్నారు. ఎత్తుకుని, మా కోసం ఆగారు.

“నువ్వు మాత్రం అందుకోకు,” అంటూ అక్క నా నోరు గట్టిగా మూసింది.

ఆ చెయ్యి తియ్యకుండానే, నా చెవి పక్కన, మెల్లగా తనే అందుకుంది.